క్రాప్ నుంచి ఫుల్‌ఫ్రేమ్‌కి: ఏ లెన్సులు ఉంచాలి, ఏవి కొనాలి, సెట్టింగ్‌లు ఎక్కడ మొదలుపెట్టాలి?

లోవెలుగు
నికాన్ జెడ్ ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్, మిర్రర్‌లెస్), 24 మెగాపిక్సెల్ బాడీ తీసుకోవడం ఖాయమైంది. ఇప్పుడున్నది 24 మెగాపిక్సెల్ డీఎక్స్ (చిన్న, అంటే క్రాప్ సెన్సర్) డీఎస్ఎల్ఆర్. లెన్సులు మూడు: 18-55 డీఎక్స్, 50 ఎంఎం ఎఫ్/1.8డి, 70-300 వీఆర్ (వణుకు తగ్గించే రకం; ఎఫ్ఎక్స్, అంటే ఫుల్‌ఫ్రేమ్ లెన్సే, లోపల ఫోకస్ మోటార్ ఉంది). తీసేవి ఎక్కువగా ఇంటిలోపల వేడుకలు, మనుషుల ఫొటోలు. తర్వాత కొండలు, నీళ్లు, రాత్రి ఆకాశం. అప్పుడప్పుడు పక్షులు.

పాతవాటిలో ఏవి పనికొస్తాయి? ఒక్క జూమ్ కొనాలంటే 24-120 ఎఫ్/4 మేలా, 28-75 ఎఫ్/2.8 మేలా? సెట్టింగ్‌ల సంగతి కూడా చెప్పండి. లోపల తీసినవి ఎప్పుడూ కొద్దిగా చెదిరినట్టే వస్తాయి.

గాజుకన్ను
ముందు పాతవాటి లెక్క తేల్చేద్దాం. మీ పాత కెమెరా ఎఫ్ మౌంట్‌లో లెన్స్ కూర్చునే అంచు నుంచి సెన్సర్‌కి దూరం 46.5 ఎంఎం, కొత్తదాని జెడ్ మౌంట్‌లో 16 ఎంఎం. మధ్యలో మిగిలే 30.5 ఎంఎం ఖాళీని ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ నింపుతుంది. అందులో గాజు ఉండదు, కాబట్టి నాణ్యత ఏమీ తగ్గదు. కానీ అందులో ఫోకస్ మోటార్ కూడా ఉండదు. మీ 50 ఎంఎం డి రకం లెన్స్‌కి ఫోకస్ తిప్పే మోటార్ బాడీలోంచి రావాలి. అడాప్టర్ మీద మీటరింగ్ పనిచేస్తుంది, ఆటోఫోకస్ పనిచేయదు. చేత్తో తిప్పుకోవాల్సిందే. దాన్ని పాత బాడీతోనే ఉంచేయండి.

18-55 పెడితే కెమెరా తనంతట తానే డీఎక్స్ క్రాప్‌లోకి పోతుంది. 24 మెగాపిక్సెల్‌ని 2.25తో భాగించండి, పదిన్నర మిగులుతుంది. దాని కోసం ఫుల్‌ఫ్రేమ్ కొనక్కర్లేదు. 70-300 మాత్రం నిండుగా పనిచేస్తుంది. ఇన్నాళ్లూ 300 దగ్గర మీరు చూసింది 450 ఎంఎం దృశ్యకోణం. ఇకమీద 300 అంటే 300. పక్షులకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

వెలుగుమీటర్
జూమ్ ప్రశ్న లెక్కతో చూద్దాం, అభిప్రాయాలతో కాదు.

ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది; ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం. రాత్రిపూట మామూలు ఇంటి దీపాల వెలుతురు సుమారు 5 ఈవీ (వెలుతురు కొలత) ఉంటుంది. అంటే ఐఎస్ఓ (వెలుతురుకి సున్నితత్వం) 100 దగ్గర ఎఫ్/2.8కి సెకనులో నాలుగో వంతు కావాలి. మాట్లాడుతూ, నవ్వుతూ ఉన్న మనిషిని నిలబెట్టాలంటే కనీసం 1/250. అక్కడికి చేరాలంటే ఆరు స్టాప్‌లు ఎక్కాలి కాబట్టి ఎఫ్/2.8తో ఐఎస్ఓ 6400. ఎఫ్/4తో 12800. ఎఫ్/1.8తో 2500 చాలు.

ఇంకొకటి. చాలామంది పట్టించుకోరు. సెన్సర్ విస్తీర్ణం 2.25 రెట్లు పెద్దది కావడం వల్ల వచ్చే లాభం ఒక స్టాప్ కంటే కొంచెం ఎక్కువ, అంతే. క్రాప్ మీద ఎఫ్/2.8 వాడుతున్నవాళ్లు ఫుల్‌ఫ్రేమ్ మీద ఎఫ్/4కి మారితే ఆ లాభం అక్కడికక్కడే హరించుకుపోతుంది. షట్టర్ స్పీడ్ మార్చకుండా తీస్తే నాయిస్ అంతే, వెనక మసక అంతే. మీరు 18-55 నుంచి వస్తున్నారు. దాని పొడవు చివర ఎఫ్/5.6 కాబట్టి ఎఫ్/4 కూడా మెరుగే. అయినా లోపల వేడుకలే ముఖ్యమంటే నా ఓటు 28-75కి.

మూడుకాళ్లు
లెక్క సరే, కానీ ఎఫ్/2.8 జూమ్ ఆ సమస్యను సగమే తీరుస్తుంది. 6400 బదులు 2500 దగ్గర తీయగలిగే ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ కాని లెన్స్) ఒకటి ఎలాగూ కొనాల్సి వస్తుంది. అది కొన్నాక జూమ్‌లో ఆ ఒక్క స్టాప్ కోసం వెడల్పూ పొడవూ వదులుకోవడం దండగ.

24కీ 28కీ నాలుగే ఎంఎం కదా అనిపిస్తుంది. మూలనుంచి మూలకి చూస్తే 24 దగ్గర 84 డిగ్రీలు, 28 దగ్గర 75. ఇరుకు గదిలో వెనక్కి జరగడానికి గోడ అడ్డొచ్చినప్పుడు ఆ తొమ్మిది డిగ్రీలే గొడవ. అటు చివర 75కీ 120కీ తేడా ఇంకా పెద్దది. పైగా 24-120కి 0.39 రెట్ల వరకు దగ్గరి ఫొటోలు వస్తాయి, పూలకూ చిన్న వస్తువులకూ వేరే లెన్స్ అక్కర్లేదు. ఫిల్టర్ 77 ఎంఎం, బరువు 630 గ్రాములు. 28-75 బరువు 565, ఫిల్టర్ 67. బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు.

నా జాబితా: 24-120 ఎఫ్/4, దానికి తోడు 35 లేక 50 ఎఫ్/1.8. 35, 50 రెండింటికీ ఫిల్టర్ 62 ఎంఎమే.

వెలుగుమీటర్
వేడుక మధ్యలో లెన్స్ మార్చే ఓపిక ఉన్నవాళ్లకి అది బాగుంటుంది. లేనివాళ్లకి 28-75. అంతకుమించి ఈ విషయంలో నేను వాదించను.

ఛాయ
మనుషుల ఫొటోలకి ఫోకల్ లెంగ్త్ అడగకండి, ఎంత దూరంలో నిలబడతారో అడగండి. ముఖం ఆకారాన్ని నిర్ణయించేది దూరమే.

తల నుంచి ఛాతీ దాకా, సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తు నిలువు ఫ్రేములో నిండాలనుకోండి. 35 ఎంఎంతో 70 సెంటీమీటర్ల దూరానికి పోవాలి. ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. 50తో ఒక మీటరు, ఇదీ కాస్త ఇబ్బందే. 85తో 1.7 మీటర్లు. మాట్లాడుకునే దూరం కాబట్టి ముఖం మనకు అలవాటైనట్టే కనిపిస్తుంది. నిలువెత్తు ఫొటోకో, నలుగురు కలిసి ఉన్న ఫొటోకో అయితే 35, 50 ఏదీ తప్పు కాదు, ఎందుకంటే అప్పుడు మీరు ఎలాగూ దూరంగానే ఉంటారు.

85 ఎఫ్/1.8ని ఆ 1.7 మీటర్ల దగ్గర పూర్తిగా తెరిస్తే ఫోకస్‌లో ఉండే లోతు నాలుగు, నాలుగున్నర సెంటీమీటర్లు. తల కొద్దిగా పక్కకి తిరిగితే ఒక కన్ను స్పష్టం, రెండోది మసక. ఎఫ్/2.8 దగ్గర ఆరేడు, ఎఫ్/4 దగ్గర తొమ్మిది, పది సెంటీమీటర్లు వస్తాయి. ఒక్కరైతే ఎఫ్/2 నుంచి 2.8. ఇద్దరు పక్కపక్కనైతే ఎఫ్/4, వాళ్ల ముఖాలు ఒకే వరసలో ఉండేలా చూసుకోండి. రెండు వరసల గ్రూపుకి 50 ఎంఎం, ఎఫ్/5.6, ముందు వరస మీద ఫోకస్. 3.5 మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే దాదాపు 2.8 నుంచి 4.6 మీటర్ల దాకా అందుతుంది. వెనక వైపే లోతు ఎక్కువ, అందుకే ముందు వరస మీద పెట్టమన్నది.

ఒక చిక్కు గుర్తుపెట్టుకోండి. ఎండలో అపెర్చర్ బాగా తెరిచి, 1/1000 పైన, ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్‌తో తీస్తే వెనక బొకే (మసకబారిన వెలుగు) గుండ్రాలు ఒక పక్క కోసేసినట్టు వస్తాయి. మొదటి తెర సెన్సర్ మీద ఎలక్ట్రానిక్, రెండోది సెన్సర్‌కి కాస్త ముందు కదిలే లోహపు తెర. రెండూ ఒకే తలంలో లేకపోవడం వల్ల వచ్చే లోపమిది. లెన్స్ తప్పు కాదు. షట్టర్ రకం ఆటోలో పెట్టండి, లేదా అలాంటి చోట పూర్తి మెకానికల్‌కి మార్చండి.

లోవెలుగు
లెన్సులు దాదాపు తేలిపోయాయి: 24-120, 50 ఎఫ్/1.8 ముందు, 85 తర్వాత. ఇక సెట్టింగ్‌లు. ఇన్నాళ్లూ 'ఏ' మోడ్‌లో (అపెర్చర్ నాది, షట్టర్ కెమెరాది) ఎఫ్/4, ఆటో ఐఎస్ఓ. షట్టర్ 1/60 అలా పడుతోంది. చేయి కదలకపోయినా ఫొటో చెదురుతుంది. జెడ్ బాడీలతో కొన్ని హాళ్లలో సైలెంట్ మోడ్‌లో తీస్తే అడ్డచారలు వస్తాయంటారు, దాని సంగతేంటి?

రాఫైలు
చెదిరింది మీ చేయి వల్ల కాదు, ఎదుటి మనిషి కదలిక వల్ల. బాడీలో ఉండే స్టెబిలైజేషన్ మీ వణుకును ఆపుతుంది, వాళ్ల కదలికను ఆపలేదు. అందుకే షట్టర్ స్పీడ్‌ని ముందు మీరే నిర్ణయించండి, కెమెరాకి వదలకండి. కూర్చుని ఉన్నవాళ్లకి 1/125. నడుస్తూ, నవ్వుతూ ఉన్నవాళ్లకి 1/250. పిల్లలు, నాట్యం అంటే 1/500. ఆటలకి 1/1000. కదలని వాటికి మాత్రమే ఫోకల్ లెంగ్త్ కింద ఒకటి వేసే పాత సూత్రం సరిపోతుంది, 45 మెగాపిక్సెల్ బాడీ అయితే దానికి రెట్టింపు వేగం పెట్టుకోవాలి.

పద్ధతి ఇది: ఎం (మాన్యువల్) మోడ్. షట్టర్ పైవాటిలో ఒకటి. అపెర్చర్ లోతును బట్టి. ఐఎస్ఓ ఆటో, పై హద్దు 12800. వెలుతురు ఎక్కువ తక్కువలు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌తో దిద్దుకోవాలి. తెల్లటి బట్టలు ఫ్రేమంతా నిండితే +0.7, నల్లటి వెనకతెర ముందు ఒక్క ముఖం ఉంటే -0.7 నుంచి -1.

ఈ పద్ధతి రెండు చోట్ల దెబ్బకొడుతుంది. ఒకటి, అదే 1/250, ఎఫ్/1.8తో బయట ఎండలోకి వచ్చేస్తే ఐఎస్ఓ 100 కన్నా దిగలేదు, ఫొటో తెల్లగా కాలిపోతుంది. వ్యూఫైండర్‌లో మీటర్ గీత చూసే అలవాటు ఉండాలి. రెండు, బాగా చీకట్లో హద్దు దాటాల్సి వస్తే నల్లబడుతుంది. 'ఏ' మోడ్‌లో అయితే కెమెరా ఐఎస్ఓ హద్దుకి చేరాక మీరు పెట్టిన కనీస షట్టర్‌ని కాదని ఇంకా కిందికి పోతుంది. మీకు 1/60 పడటానికి ఒక కారణం అదే కావచ్చు. రెండో కారణం, మెనూలో కనీస షట్టర్ స్పీడ్ 'ఆటో'లోనే ఉండిపోవడం. అది ఫోకల్ లెంగ్త్‌ని చూస్తుంది తప్ప మనిషి కదలికను చూడదు.

ఇక అడ్డచారలు. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే దీపాలు సెకనుకు 100 సార్లు మెరిసి తగ్గుతాయి. సైలెంట్ మోడ్‌లో సెన్సర్‌ని పైనుంచి కిందికి వరసవరసగా చదువుతారు, ఈలోగా దీపం మారిపోతుంది. మెకానికల్ షట్టర్, 1/100 లేదా 1/50 పెడితే సాధారణంగా పోతాయి. 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/120కి దగ్గరగా 1/125, లేదా 1/60. అంతకన్నా వేగంగా తీయాల్సి వస్తే ఫ్లికర్ రిడక్షన్ ఆన్ చేయండి, దీపం నిండుగా ఉన్న క్షణంలో షట్టర్ వదులుతుంది. సైలెంట్ మోడ్‌లో ఇది పనిచేయదు. స్టేజీ ఎల్ఈడీలు, పెద్ద స్క్రీన్లు మాత్రం వేలసార్లు మెరుస్తాయి, వాటికి ఏ సూత్రమూ కుదరదు. షట్టర్‌ని కొద్దికొద్దిగా మారుస్తూ చారలు పలచబడే చోటు పట్టుకోవాలి.

వెలుగుమీటర్
పై జవాబుకి ఒక చేర్పు. ఈ 24 మెగాపిక్సెల్ నికాన్ సెన్సర్లలో ఐఎస్ఓ 800 దగ్గర రెండో గెయిన్ (సెన్సర్ సిగ్నల్‌ని పెంచే రెండో స్థాయి) మొదలవుతుంది. అక్కడ నీడల్లో నాయిస్ 640 కంటే తక్కువ. 500, 640 దగ్గర ఆగడం కన్నా, వెలుగు భాగాలు కాలిపోవనుకుంటే 800కి వెళ్లడమే నయం. ఐఎస్ఓ 100లో తీసిన రా ఫైల్‌లో (కెమెరా దిద్దని అసలు ఫైల్) నీడల్ని మూడు స్టాప్‌లు లేపినా ఓర్చుకుంటుంది. 6400లో తీసింది ఓర్చుకోదు, అందుకని అక్కడ తక్కువ ఎక్స్‌పోజ్ చేసి తర్వాత లేపుదామనుకోకండి.

రా తీసేవాళ్లు యాక్టివ్ డీ-లైటింగ్ ఆపేయాలి. ఆటో ఎక్స్‌పోజర్‌లో అది వెలుగును కాస్త తగ్గించి తీస్తుంది, నీడల్ని తర్వాత లేపుతుంది. ఆ లేపడం జేపెగ్‌కి వర్తిస్తుంది, బయటి సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకోదు. మీ చేతికి మిగిలేది తక్కువ ఎక్స్‌పోజ్ అయిన రా ఫైల్. హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫ్) కూడా జేపెగ్‌దే కనుక పిక్చర్ కంట్రోల్ ఫ్లాట్‌లో పెడితే రా ఫైల్ అసలు స్థితికి దగ్గరగా చూపిస్తుంది.

గాజుకన్ను
ఫోకస్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మనుషులకి ఏఎఫ్-సీ (ఆగకుండా వెంటాడే ఫోకస్), ఆటో ఏరియా, కన్ను గుర్తింపు ఆన్. గుంపులో కెమెరా వేరే ముఖాన్ని పట్టుకుంటుంటే వైడ్ ఏరియాకి మారి ఆ పెట్టెలో మీక్కావలసిన మనిషిని ఉంచండి. కళ్లద్దాల మెరుపు, ముఖానికి అడ్డంగా జుట్టు ఉంటే కనురెప్పల వెంట్రుకల మీదో అద్దం అంచు మీదో ఫోకస్ ఆగడం మామూలే. అలాంటప్పుడు ఎఫ్/1.8 వదిలి ఎఫ్/2.8.

నికాన్ జెడ్ బాడీలు మీరు పెట్టిన అపెర్చర్‌లోనే ఫోకస్ చేస్తాయి, కాకపోతే ఎఫ్/5.6 కన్నా ఎక్కువ మూయవు. మసక వెలుతురులో ఎఫ్/5.6 పెట్టి ఫోకస్ వెతుక్కుంటోందని లెన్స్‌ని తిట్టేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి. సెన్సర్‌కి అందే వెలుతురు ఎఫ్/1.8తో పోలిస్తే పదో వంతే.

మూడుకాళ్లు
కొండలు, నీళ్లు నావి.

అపెర్చర్ ఎఫ్/8 నుంచి ఎఫ్/11. ఎఫ్/16కి పోతే లోతు పెరుగుతుంది కానీ ఫ్రేము మొత్తం కొద్దిగా మెత్తబడుతుంది. ఎఫ్/8 దగ్గర ఒక కాంతి బిందువు సెన్సర్ మీద దాదాపు 11 మైక్రాన్ల చుక్కగా పడుతుంది, ఎఫ్/16 దగ్గర 21. మీ 24 మెగాపిక్సెల్ సెన్సర్ పిక్సెల్ 6 మైక్రాన్లు. ఎఫ్/22 అనేది సూర్యుడి చుట్టూ కిరణాల నక్షత్రం కావాలంటేనో, ఫిల్టర్ లేకుండా నీటిని సాగదీయాలంటేనో.

24 ఎంఎం, ఎఫ్/8 హైపర్‌ఫోకల్ దూరం పట్టికల్లో 2.4 మీటర్లు. అక్కడ ఫోకస్ పెడితే 1.2 మీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టం అంటారు. ఆ పట్టిక 0.03 ఎంఎం మసకను 'స్పష్టం' అనుకుని రాసింది. చిన్న ప్రింటుకి సరే, తెరమీద నూరు శాతం పెంచి చూస్తే దూరపు కొండ మెత్తగా కనిపిస్తుంది. కొండే ముఖ్యమైతే ఫోకస్‌ని 4.8 మీటర్లకి, అంటే రెట్టింపుకి జరపండి. ముందు రాయి, వెనక కొండ రెండూ సూదిలా కావాలంటే రెండుమూడు ఫొటోలు వేరువేరు ఫోకస్‌తో తీసి కలపడమే దారి.

ట్రైపాడ్ మీద సెకన్ల తరబడి తీసేటప్పుడు వీఆర్ ఆపండి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. మధ్య కాలమ్ లేపకండి, కాళ్లు సరిపోకపోతేనే అది. పోలరైజర్ ఒకటి నుంచి రెండు స్టాప్‌లు తింటుంది. ఆకుల మీద మెరుపు, నీటి మీద ప్రతిబింబం తీసేయడానికి దానికి సాటి లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఆ పని కాదు. కానీ 24 ఎంఎం దగ్గర నీలాకాశం మీద వాడితే ఒక పక్క ముదురు, ఇంకో పక్క లేత. సూర్యుడికి 90 డిగ్రీల దిశలోనే ప్రభావం గట్టిగా ఉంటుంది, మీ ఫ్రేము అంతకన్నా చాలా వెడల్పు. ఫిల్టర్ ఒక్కటే కొంటే 77 కొని, 62 లెన్సులకి స్టెప్-అప్ రింగ్ పెట్టుకోండి. హుడ్ మాత్రం పట్టదు.

రాత్రి ఆకాశానికి ఎఫ్/4 జూమ్ చాలదు, 20 ఎంఎం ఎఫ్/1.8 లాంటిది కావాలి. 500ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించమనే సూత్రం 20 ఎంఎంకి 25 సెకన్లు ఇస్తుంది. నేటి సెన్సర్ల మీద అంతసేపు తెరిస్తే నక్షత్రాలు గీతలవుతాయి. ఎఫ్ సంఖ్యని 35తో హెచ్చించి, పిక్సెల్ మైక్రాన్లని 30తో హెచ్చించి, రెండూ కలిపి ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. ఎఫ్/1.8, 6 మైక్రాన్లు, 20 ఎంఎం: 63కి 180 కలిపితే 243, భాగిస్తే 12 సెకన్లు. ఐఎస్ఓ 3200 నుంచి మొదలుపెట్టండి. ఫోకస్ మాన్యువల్, తెరమీద ఒక మెరిసే నక్షత్రాన్ని పెంచి, అది అతి చిన్న చుక్క అయ్యేదాకా. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫొటో తర్వాత అంతే సేపు కెమెరా మీకు దొరకదు. వరసగా తీసి కలపాలనుకుంటే ఆపేయండి.

రెక్కలు
పక్షులకి పాత డీఎక్స్ బాడీ అమ్మకండి. 300 ఎంఎంతో ఒకే దూరం నుంచి తీస్తే డీఎక్స్ సెన్సర్ పరిధిలో పడిన దృశ్యం మీద ఆ బాడీ 24 మెగాపిక్సెల్ పెడుతుంది, కొత్తది పదిన్నరే. మంచి వెలుతురులో పాతదే ఎక్కువ ఈకలు చూపిస్తుంది. కొత్తదాని గెలుపు ఫోకస్ వెంటాడటంలోనూ మసక వెలుతురులోనూ.

ఎగిరే పక్షికి 1/2000 నుంచి 1/3200, కొమ్మ మీద కూర్చున్నదానికి వీఆర్‌తో 1/500. జెడ్‌లో పొడవైనది కావాలంటే 180-600 ఉంది, చివర ఎఫ్/6.3. దానికి 1.4 కన్వర్టర్ (ఫోకల్ లెంగ్త్‌ని 1.4 రెట్లు పెంచేది) తగిలిస్తే ఎఫ్/9, ఉదయం తొలి వెలుతురులో ఆశలు వదులుకోవాల్సిందే. ఇంకో మాట: ఎండెక్కాక నేల మీంచి లేచే వేడిగాలిలో దూరంగా ఉన్న పక్షి ఏ లెన్స్‌తోనూ స్పష్టంగా రాదు. చాలామంది ఫోకస్ తప్పిందనుకుని లెన్స్‌ని సర్వీసుకి పంపేది ఇలాంటి ఫొటోలు చూసే. దగ్గరి వస్తువు మీద పరీక్షించండి.

పక్కవీధి
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. నాది కానన్. ఈఎఫ్-ఎస్ (క్రాప్ డీఎస్ఎల్ఆర్) లెన్సులు ఆర్ఎఫ్ (మిర్రర్‌లెస్) ఫుల్‌ఫ్రేమ్ బాడీకి పడతాయా?

గాజుకన్ను
అడాప్టర్‌తో పడతాయి, కెమెరా తనే 1.6 క్రాప్ చేసుకుంటుంది, 24 మెగాపిక్సెల్‌లో తొమ్మిదికి పైచిలుకు మిగులుతుంది. పాత ఫుల్‌ఫ్రేమ్ ఈఎఫ్ డీఎస్ఎల్ఆర్‌లకి మాత్రం అవి అసలు బిగవవు. ఈఎఫ్ (ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్) లెన్సులన్నీ ఆర్ఎఫ్ బాడీ మీద అడాప్టర్‌తో, ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి, వాటి మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది.

లోవెలుగు
అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి. లెన్స్ చేతికొచ్చాక బాగున్నదీ లేనిదీ ఎలా తేల్చుకోవాలి? 85 పాతది కొనే ఆలోచన ఉంది.

మూడుకాళ్లు
ఇటుక గోడ ఫొటో తీయకండి. కెమెరా గోడకి వెంట్రుకవాసి వాలినా ఒక పక్క మసకబారి, లెన్స్ లోపంలా కనిపిస్తుంది. దూరంగా సన్నని వివరాలున్న ఒకే వస్తువు ఎంచుకోండి, సెల్ టవర్ లాంటిది. ట్రైపాడ్, అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఆ టవర్‌ని నాలుగు మూలల్లో ఒక్కో ఫొటోలో పెట్టి, ప్రతిసారీ దాని మీదే ఫోకస్ చేయండి. నాలుగింటినీ నూరు శాతంలో పక్కపక్కన చూడండి. నాలుగూ ఒకేలా మెత్తగా ఉంటే అది ఆ డిజైన్ స్వభావం. ఒక మూల మాత్రం మిగతావాటికన్నా బాగా చెడితే లోపలి గాజు పక్కకి జరిగి ఉంది, వాపసు ఇచ్చేయండి. జూమ్ అయితే రెండు చివర్లూ, మధ్యలో ఒకచోటా చూడాలి.

పాతదానికి అదనంగా: అపెర్చర్ తెరిచి వెనకనుంచి టార్చ్ వేసి చూడండి. దుమ్ము రేణువులు నాలుగు ఉన్నా ఫొటోలో కనపడవు. సాలెగూడు పోగుల్లాంటివి ఉంటే ఫంగస్, వదిలేయండి. పాలపొరలాంటి మసక ఉన్నా అంతే, ఎదురు వెలుతురులో కాంట్రాస్ట్ మొత్తం పోతుంది. కొత్త బాడీకి తగిలించి, మెకానికల్ షట్టర్‌తో ఎఫ్/16 దగ్గర ఒకే గోడని బర్స్ట్‌లో పది ఫొటోలు తీయండి. వెలుతురు మారకుండా ఫొటోలు ఒకటి లేతగా, ఒకటి ముదురుగా వస్తుంటే అపెర్చర్ రెక్కలు సరిగా మూసుకోవడం లేదు.